అరటినారా, లినెనా, పాత చీరలా, రాగితీగా? నూలు కాకుండా మగ్గం మీద ఏం వేయాలో తేల్చుకునే ముందు

నెల్లూరు దగ్గర కోవూరు పక్కన పాటూరులో మాకు రెండు గుంట మగ్గాలు, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసేవి, ఉన్నాయి. ఆరేళ్ల కిందట వాటిలో ఒకదాని మీద అరటినారతో పడుగు, అంటే మగ్గం పొడవునా సాగే పోగులు, ఎక్కించాను. అడ్డంగా నేసే పేక కాదు, పడుగే. అందరూ పేకలో వేస్తున్నారు కదా, మనం పూర్తిగా అరటినార గుడ్డే తీద్దాం అని పట్టుదల. పది గజాల పడుగు సిద్ధం చేసి, పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటి అచ్చులోకి ఎక్కించి, మూడు రోజులు కూర్చుని సరిచేసుకుని, నేత మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నానికే పోగులు తెగడం మొదలైంది. ఒకటి ముడి వేసేలోపు పక్కన రెండు తెగేవి. సాయంత్రానికి జానెడు గుడ్డ కూడా రాలేదు. మా పెద్దనాన్న వచ్చి గుంట పక్కన కూర్చుని చాలాసేపు చూసి, "పడుగు అన్నం రా అబ్బయ్యా, పేక కూర. కూరలు ఎన్ని రకాలైనా మార్చుకో, అన్నం మాత్రం మార్చబాక" అన్నాడు.

ఆ మాట వెనకాల ఉన్న లెక్క నాకు తర్వాత తెలిసింది. కాలితో తొక్కిన ప్రతిసారీ పడుగు రెండుగా విడిపోతుంది, విడిపోయినప్పుడల్లా ప్రతి పోగూ కాస్త సాగి మళ్లీ వెనక్కి రావాలి. నూలు పోగు తెగేలోపు నూటికి ఆరేడు వంతులు సాగుతుంది, పట్టు ఇరవై దాకా సాగుతుంది, అరటినార, జనపనార అయితే రెండు మూడు వంతులు కూడా కష్టం. అంటే బలం లేక తెగడం కాదు, అరటినార నిజానికి గట్టిదే, చేత్తో లాగితే వేలు కోసుకుంటుంది. సాగే గుణం లేక తెగుతుంది. పైగా నార ముక్కలు ముక్కలుగా వస్తుంది కాబట్టి గజానికో ముడి ఉంటుంది, ఆ ముడి అచ్చు సందులో రాసుకుని పక్క పోగును కూడా కోస్తుంది.

అందుకే ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా పేక గురించే అనుకోండి. పడుగు నూలే ఉంచండి, మహా అయితే పట్టు, లేదంటే లినెన్. పేకలో ఏం వేయాలి అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు కూడా "ఏది కొత్తగా ఉంది" అని వెతికితే దొరకదు. నేసిన గుడ్డ ఎక్కడికి పోతుంది, ఒంటి మీదకా, నేల మీదకా, గోడ మీదకా అన్నది ముందు తేల్చుకుంటే సగం సరుకులు వాటంతట అవే పక్కకు పోతాయి.

ఇంకో మాట. నూలు కానిది మగ్గం మీద వేస్తే సంప్రదాయం చెడిపోతుంది అని భయపడేవాళ్లకు నేను జరీ చూపిస్తాను. అసలు జరీ అంటే పట్టు పోగుకు వెండి తీగను సాగగొట్టి చుట్టి, పైన బంగారు పూత పూసింది. 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన వెంకటగిరిలో సన్న నూలు చీరల మీద జరీ అంచు తరతరాలుగా వేస్తున్నారు, అంటే మన దగ్గర లోహం నేయడం ఈనాటిది కాదు. ఇప్పుడు చవకగా దొరికే జరీలో ఉన్నది రాగి తీగ, లేదంటే మెరుపు పూత పూసిన ప్లాస్టిక్ పొర. కాబట్టి రాగీ ప్లాస్టిక్కూ మన ఇళ్లల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. తేడా ఏమిటంటే జరీని ఎక్కడ వాడాలో మనకు తెలుసు, మిగతావాటికి ఇంకా నేర్చుకోవాలి.

ఒంటి మీదకైతే: లినెన్, వెదురు, అరటి

వీటిలో తేలికైనది లినెన్. ఇది అవిసె మొక్క కాండం నుంచి తీసే నార, మిల్లులో వడికి చిలపల (దారపు చుట్టల) రూపంలోనో కోన్ రూపంలోనో వస్తుంది కాబట్టి నూలు నేసే చేతికి కొత్తగా అనిపించదు. కానీ కొనేటప్పుడు చాలామంది నంబరు దగ్గర మోసపోతారు, మోసం అనడం కూడా తప్పు, తెలియక పొరపడతారు. నూలు కౌంటు అంటే ఒక పౌండు బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయి అన్న లెక్క, కౌంటు పెరిగినకొద్దీ పోగు సన్నం. లినెన్‌ను లీ అనే లెక్కలో అమ్ముతారు, అందులో చిలప 300 గజాలే. అంటే 60 లీ లినెన్ తెచ్చి 60 కౌంటు నూలు అనుకుంటే తలకిందులవుతుంది, అది మన లెక్కలో దాదాపు 21 కౌంటు. 100 లీ కూడా 36 కౌంటు దాటదు. నేను మొదటిసారి ఇది తెలియక సన్న నూలుకు వాడే అచ్చులో లినెన్ పేక వేస్తే గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. దాన్ని చొక్కా కుట్టించుకున్నవాడు లేడు, చేతిసంచి అయింది.

లినెన్‌కు మంచి గుణం ఒకటి ఉంది, తడిసినకొద్దీ బలం పెరుగుతుంది, నూలు లాగే. మన నెల్లూరు ఎండలకు, చెమటకు ఇంతకంటే హాయి గుడ్డ ఇంకొకటి ఉందని నేను అనుకోను. ముడతలు పడుతుంది, అది ఒప్పుకోవాలి. పడుగులో లినెన్ వేయాలనుకుంటే గది పొడిగా ఉండకూడదు, వేసవిలో పోగు పుటపుట తెగుతుంది, తెల్లవారుజామున నేసి ఎండ ముదరగానే లేచిపోవడం మంచిది. లినెన్ పేక, నూలు పడుగు అయితే ఏ టెన్షనూ లేదు.

వెదురు నూలు చేతిలోకి తీసుకోగానే మనసు పడిపోతుంది, అంత మెత్తగా జారుతుంది. కానీ అది వెదురు నార కాదు. బజారులో ఆ పేరుతో వచ్చేది చాలావరకు వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి మళ్లీ పోగుగా లాగింది, అంటే విస్కోస్. తప్పేం లేదు, కానీ "పూర్తిగా ప్రకృతి సహజం" అని చెప్పి అమ్మకండి. విస్కోస్‌తో ఉన్న చిక్కు తడి. తడిసినప్పుడు బలం సుమారు సగానికి పడిపోతుంది, అందుకే చాకిరేవు బండ మీద ఉతికే ఇంటికి ఇది పనికిరాదు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు కూడా తడి మీద గట్టిగా లాగితే సాగి ఊరుకుంటుంది, మళ్లీ వెనక్కి రాదు. దుపట్టాలకు, పైకండువాలకు, చంటిపిల్లల దుప్పట్లకు పేకలో వేయండి, బాగుంటుంది. రోజువారీ చీరకు నేనైతే వేయను.

ఇక అరటినార. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది దీని గురించే, చాలామంది చేతులు కాల్చుకునేది కూడా దీంతోనే.

ముందుగా, "బనానా సిల్క్" అని రంగురంగుల చీరలు చవకగా అమ్ముతుంటారే, వాటిలో అరటి ఉందో లేదో పోగు కాల్చి చూడండి. అరటినార, నూలు, జనపనార, ఇవన్నీ చెట్టు నుంచి వచ్చినవి కాబట్టి కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. కరిగి, నల్లటి గట్టి పూస లాగా ముద్ద కడితే అది పాలిస్టర్. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన. ఈ పరీక్షకు అగ్గిపుల్ల చాలు.

నిజమైన అరటినార గెల కోసేశాక పడేసే బోదె నుంచి వస్తుంది. అందులో బయటి పొరల నార ముతక, బుట్టలకు, తాళ్లకు పనికొస్తుంది, లోపలి పొరల నార సన్నగా మెరుస్తుంటుంది, గుడ్డకు కావలసింది అదే. కొనేటప్పుడు ఈ రెండూ కలిపేసి ఇస్తారు, మీరు కూర్చుని విడదీసుకోవాలి. మా అమ్మ ఆ పని చేసింది, కిలో నార విడదీసి, ముడులు వేసి, కండెలకు, అంటే పేక దారం చుట్టే చిన్న గొట్టాలకు, చుట్టేసరికి వారం దాటింది. ఆ వారం కూలి మీ గుడ్డ ధరలో ఉండాలి. చాలామంది సరుకు ధర చూసి చవక అనుకుంటారు, అసలు ఖర్చు చుట్టేవాళ్ల చేతుల్లో ఉంది.

నేసేటప్పుడు దీన్ని తడిపే వాడాలి. పూలు కట్టేవాళ్లను చూడండి, అరటినారను నీళ్లలో నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుని కడతారు, ఎండితే విరుగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మగ్గం దగ్గర కూడా అదే పద్ధతి, కండెలను తడి గుడ్డలో ఉంచి ఒక్కోటి తీసుకోవాలి. అయితే పక్కన నూలు పడుగుకు గంజి ఉంది, తడి ఎక్కువైతే గంజి కరిగి పోగులు అంటుకుంటాయి, కాబట్టి నీళ్లు కారేలా కాదు, చెమ్మగా. చీరాల తేలియా రుమాళ్ల కోసం మన పెద్దలు నూలును నూనెలో, బూడిద నీళ్లలో పదేపదే నానబెట్టి ఆరబెట్టేవాళ్లు, పోగు మెత్తబడి ఎరుపు రంగు బాగా పట్టేది. ఆ సంగతి గుర్తొచ్చి నేను నార నానబెట్టే నీళ్లలో నువ్వుల నూనె కాస్త చిలికి వేశాను. నార వంగడం బాగా నయమైంది, కానీ తర్వాత రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది, నూనె పూర్తిగా పోయేలా ఉతకలేదు. రంగు వేయని సహజ రంగు గుడ్డకైతే ఈ పద్ధతి చేయొచ్చు, రంగు వేయాలంటే నార నానబెట్టే ముందే వేసేయండి.

అరటినార చీర కట్టుకోవచ్చా? నా జవాబు, పూర్తి పేక అరటినార అయితే వద్దు. నేను అలాంటివి నాలుగు నేసి ఒక పట్నం దుకాణానికి పంపితే మూడు వెనక్కొచ్చాయి, నడుము దగ్గర గీరుకుంటోందని. వాళ్లది తప్పు కాదు. అప్పటి నుంచి నేను పమిట చెంగులో మాత్రం, నాలుగు నూలు పేకలకు ఒక అరటి పేక చొప్పున వేస్తున్నాను. మెరుపు కనిపిస్తుంది, చర్మానికి తగలదు. పట్టు పడుగు మీద వేస్తే ఇంకా బాగుంటుంది, కానీ అప్పుడు ధర మీ ఊళ్లో అమ్ముడుపోయే ధర కాదు, ముందే కొనేవాళ్లను చూసుకోవాలి.

తామర నార గురించి కూడా అడుగుతారు, మన చెరువుల్లో తామరలు ఉన్నాయి కదా అని. మయన్మార్‌లో ఇన్లే సరస్సు దగ్గర దాన్ని నేస్తారు, కాడ విరిచి లోపలి సన్నటి దారాలను చేత్తో లాగి పేనాలి. ఒక కండువాకు వేల కాడలు కావాలి. మీ దగ్గర చెరువు, ఓపిక, దాన్ని కొనే మనిషి మూడూ ఉంటే చేయండి, నాకు మూడూ లేవు.

నేల మీదకైతే: జనపనార, పాత చీరలు

జనపనార మన దగ్గర గోనెసంచి రూపంలో అందరికీ తెలుసు. దీని నంబరు లెక్క నూలు లెక్కకు తిరగేసి ఉంటుంది, నంబరు పెరిగినకొద్దీ దారం లావు. ఎనిమిది నంబరు జనపదారం మన కౌంటు లెక్కలో రెండు దగ్గర ఉంటుంది, కాబట్టి చీర అచ్చును దాని దగ్గరకు కూడా తీసుకురాకండి. వేరే ముతక అచ్చు కావాలి, పడుగుకు ముతక పురి నూలు కావాలి.

జనపనారలో నాకు నచ్చనివి రెండు. ఎండకు పసుపెక్కి గోధుమరంగులోకి పోతుంది, కిటికీ తెరగా వేస్తే ఆరు నెలల్లో తెలిసిపోతుంది. రెండోది వాసన, మిల్లులో వడికేటప్పుడు నూనె కొడతారు, ఆ వాసన వానాకాలంలో గదంతా వస్తుంది. మన దగ్గర అసలు వానలు ఆశ్వయుజం, కార్తీకాల్లో వాయుగుండాలతో వస్తాయి, అప్పుడు జనపనార తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, బూజు పడుతుంది. ఆ నెలల్లో గుంటలోకే నీళ్లు ఊరి మగ్గాలు ఆగిపోతుంటాయి, ఇక జనపనార నిలవ పెట్టుకుని కూర్చోవడం ఎందుకు. భోజనాల బల్ల మీద పట్టీలకు, సంచులకు, కుర్చీ కుషన్ల పైగుడ్డకు మాత్రం సంక్రాంతి దాటాక వేసుకోండి.

పాత చీరల పేలికల మీద నాకు ప్రేమ ఎక్కువ, దాచుకోను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తాను. పాత నూలు చీరను అంగుళంన్నర వెడల్పు పట్టీలుగా చింపి, ముతక నూలు పడుగు మీద పేకగా వేసి గట్టిగా కొడితే కాళ్లు తుడుచుకునే పట్టాలు, కింద పరుచుకునే తివాచీలు వస్తాయి. బొంత కుట్టిన ప్రతి ఇంటికీ ఈ ఆలోచన తెలిసిందే, సూదికి బదులు మగ్గం. సరుకు ఖర్చు దాదాపు లేదు, చెడిపోతే ఏడ్చేదీ లేదు, నేత నేర్చుకునే పిల్లలకు చేయి కుదురుతుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు పట్టాకు నాకు ఒకటిన్నర చీర పట్టింది.

జాగ్రత్తలు ఏమిటంటే, నూలు చీరలు ఒక కుప్ప, పాలిస్టర్ చీరలు ఒక కుప్పగా వేరు చేయండి. రెండూ ఒకే పట్టాలో కలిపితే మొదటి ఉతుకులో నూలు భాగం ముడుచుకుంటుంది, పాలిస్టర్ భాగం ముడుచుకోదు, మధ్యలో బుడగలు లేస్తాయి. చింపే ముందు చీరను వేడి నీళ్లలో ఒకసారి ఉతకండి, రంగు దిగేది ఉంటే అప్పుడే దిగిపోతుంది, లేకపోతే ఎర్ర చీర మీ తెల్ల పడుగును గులాబీ రంగు చేస్తుంది. పట్టీ చివర ఇంకో పట్టీ కలిపేటప్పుడు ముడి వేయకండి, రెండు చివర్లూ ఏటవాలుగా కోసి నాలుగు వేళ్ల మేర ఒకదాని మీద ఒకటి పెట్టి నేసేయండి. ఇంకొకటి, చీర ఎవరిదో తెలిసి నేస్తే ఆ పట్టాకు విలువ వేరు. పక్కవీధిలో ఒక అక్క వాళ్ల అమ్మ చీరలు మూడు తెచ్చి, కాళ్ల కింద వేసుకోలేను, ఉయ్యాల బల్ల మీదకి నేసివ్వు అంది. ఆ పని నేను ఏ ఆర్డరుకూ చేయనంత జాగ్రత్తగా చేశాను.

ప్లాస్టిక్ సంగతి

పాల కవర్లు, సరుకుల సంచులు పట్టీలుగా కత్తిరించి నేయడం చాలా చోట్ల చేస్తున్నారు. మన ఇళ్లల్లో ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లే అమ్మలు, అక్కలు ఎప్పటి నుంచో ఉన్నారు, నులక మంచానికి ప్లాస్టిక్ నవారు వచ్చింది, కాబట్టి చేతికి కొత్త కాదు. మంచి చేతిసంచులు వస్తాయి, తడికి పాడవవు. కానీ నేను దీన్ని ఆఖరున పెడతాను. కవర్లు కడిగి, ఆరబెట్టి, కత్తిరించే పని నేత కంటే మూడింతలు. ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగిపోతుంది. ఎండలో ఏడాది రెండేళ్లు ఉంటే పెళుసెక్కి పొడి పొడిగా రాలుతుంది, అప్పుడు చెత్తను గుడ్డగా మార్చి మళ్లీ సన్న చెత్తగా మార్చినట్టు అయింది. పైగా 120 మైక్రాన్ల కంటే పలచటి సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు, అవి ఇంకా తిరుగుతున్నా, వాటి మీద ఆధారపడి పని పెట్టుకోవడం సబబు కాదని నా అభిప్రాయం. పాల కవర్లు మందంగా, ఒకే రకంగా దొరుకుతాయి, చేస్తే వాటితో చేయండి.

మైపాడు, జువ్వలదిన్నె వైపు రేవుల్లో పాత నైలాన్ వలలు పడి ఉంటాయి, అవి తెచ్చి నేయొచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. నేయొచ్చు, నేను చేశాను. రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టి నీళ్లు మారుస్తూ ఉప్పు, నీచు వాసన వదిలించాలి. వల దారాన్ని విప్పకుండా వలనే సన్న పట్టీలుగా కోసి పేకలో వేస్తే గుడ్డ మీద బుడిపెలు బుడిపెలుగా గమ్మత్తైన రూపు వస్తుంది. కానీ నైలాన్‌కూ నూలుకూ రంగు ఒకేలా పట్టదు, నూలు రంగులో ముంచితే నైలాన్ అలాగే తెల్లగా మిగిలిపోతుంది. ఆ తేడానే అందంగా వాడుకోగలిగితే సరే, ఒకే రంగు కావాలంటే వదిలేయండి.

గోడకైతే: రాగితీగ, తాటాకు

రాగితీగ చూడటానికి ఎంత అందమో మగ్గం మీద అంత పేచీ. నెల్లూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపుల్లో పూత పూసిన సన్న తీగ దొరుకుతుంది. గేజి నంబరు పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది, 40 గేజి అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, 42 అంటే పదో వంతు. నేతకు 40 నుంచి 44 మధ్య తీసుకోండి, అంతకంటే లావు అయితే గుడ్డ కాదు, జల్లెడ అవుతుంది. ఒట్టి రాగి కంటే పూత ఉన్న తీగే మంచిది, సముద్రపు గాలికి, చేతి చెమటకు ఒట్టి రాగి నల్లబడి పచ్చబడుతుంది.

బరువు లెక్క ముందే వేసుకోండి. ఒక గ్రాము 40 కౌంటు నూలు 68 మీటర్లు వస్తే, ఒక గ్రాము 42 గేజి రాగి 14 మీటర్లే వస్తుంది. కొనేది కిలో లెక్కన కాబట్టి, చూడటానికి చిన్న ఉండ అయినా డబ్బు చాలా అవుతుంది. నేను రెండు నూలు పేకలకు ఒక తీగ చొప్పున వేసి ఆ ఖర్చు తగ్గించాను, పైగా నూలు మధ్యలో ఉంటే తీగ జారకుండా కుదురుగా కూర్చుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఎవరూ చెప్పరు, నాకు నెల రోజులు పట్టింది కనుక్కోవడానికి. పేకను అటూ ఇటూ మోసుకెళ్లే నాడెలో కండె కదలకుండా ఉంటుంది, పోగు దాని కొస నుంచి జారి వస్తుంది, అలా వచ్చేటప్పుడు ఒక్కో చుట్టుకు ఒక్కో మెలి పడుతుంది. నూలులో ఆ మెలి కలిసిపోతుంది, తెలియదు. తీగలో అది ఉంగరంలా చుట్టుకుని, లాగగానే ముడత పడి, అక్కడే విరుగుతుంది. ప్లాస్టిక్ పట్టీ, తాటాకు పట్టీ కూడా ఇలాగే మెలి తిరిగి సన్నబడిపోతాయి. అందుకని వీటికి నాడె వద్దు, చదునైన చెక్కపుల్లకు పొడవుగా చుట్టుకుని, కావలసినంత చేత్తో వదిలి అటు నుంచి ఇటు అందించాలి. నెమ్మదిగా సాగుతుంది, రోజుకు మూరెడు గుడ్డ వస్తే గొప్ప. అచ్చు బిగించిన పలకతో కూడా బలంగా కొట్టకండి, ఆనించినట్టు దగ్గరికి తోయండి చాలు.

రాగి గుడ్డను ఉతకలేం, మడత పెట్టలేం. ఒకే మడత మీద పదేపదే వంచితే తీగ బిరుసెక్కి విరుగుతుంది, విరిగిన కొస సూదిలా గుచ్చుకుంటుంది. కాబట్టి చీర, దుపట్టా మాట మర్చిపోండి. దీపాల చుట్టూ పెట్టే గూళ్లకు, గోడకు వేలాడదీసే పటాలకు, మెడలో వేసుకునే నగలకు అద్భుతంగా ఉంటుంది, చేత్తో నొక్కి ఏ ఆకారం చేస్తే ఆ ఆకారంలో నిలబడుతుంది. నూలు ఇవ్వలేనిది ఇది ఇస్తుంది. పదార్థాన్ని ఎంచుకోవడం అంటే ఇదే అనిపిస్తుంది నాకు. 1930లో జర్మనీలోని బౌహౌస్ అనే డిజైన్ బడిలో ఆనీ ఆల్బర్స్ అనే నేతకళాకారిణి ఒక సభామందిరం గోడ కోసం సెల్లోఫేన్ (గాజులా మెరిసే పలచటి పొర) కలిపి గుడ్డ నేసింది. వెనక వైపు శబ్దాన్ని పీల్చుకోవాలి, ముందు వైపు వెలుతురును తిప్పికొట్టాలి, ఆ వెలుతురు కోసమే సెల్లోఫేన్. వింతగా ఉంటుందని వేసింది కాదు.

తాటాకు, ఈతాకు, తుంగ మన తీరంలో కావలసినంత ఉన్నాయి. ఎక్కువ చెప్పడానికి లేదు, చాపలు అల్లేవాళ్లకు వీటి గుట్టు మనకంటే బాగా తెలుసు, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి. నూలు పడుగు దూరం దూరంగా పెట్టి తాటాకు పుల్లలు పేకగా వేస్తే కిటికీ తెరలు వస్తాయి. వేసవిలో తడిపి వేలాడదీస్తే గది చల్లబడుతుంది. ఆకు ముదరక ముందే కోసి నీడలో ఆరబెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది.

ఎవరికి ఏది

మీరు నూలు ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తుంటే, ఉన్నది ఒక్క మగ్గమే అయితే, దయచేసి ఆయన పడుగు మీద ప్రయోగం చేయకండి, పడుగు చెడితే ఆ నెల కూలి పోతుంది. మీ సొంత పడుగు ఉన్నప్పుడు చివర మిగిలే గజం మీద చేయండి. కొత్త పడుగు అతకడానికి మూరెడు వదిలి మిగతాది వాడుకోవచ్చు. నేను ఇప్పటికీ కొత్త సరుకు ఏదొచ్చినా అక్కడే మొదలుపెడతాను. మీకు సరిపోయేది లినెన్, దాని తర్వాత చెంగులో కాస్త అరటినార. అచ్చు మార్చక్కర్లేదు, కౌంటు చూసుకుంటే చాలు.

ఇంట్లో చిన్న మగ్గం పెట్టుకుని నేర్చుకుంటున్నవాళ్లు, లేదా మహిళా సంఘంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునేవాళ్లు పాత చీరలతో మొదలుపెట్టండి, రెండో ఆలోచన వద్దు. డిజైన్ చదువుతున్న పిల్లలకు, వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరున్న చేనేత సాంకేతిక సంస్థలో చదివేవాళ్లకు నేను రాగితీగ చెప్తాను. చేతిలో సమయం ఉంటుంది, అడగడానికి గురువులు ఉంటారు, అమ్ముడుపోకపోయినా నష్టం లేదు. కొనేవాళ్లు ముందే ఉండి, ధర గురించి బేరం ఆడని ఆర్డరు చేతిలో ఉంటే అరటినార, పట్టు కలిపిన కండువాలు నేయండి, లేకపోతే వద్దు.

అమ్మేటప్పుడు ఉన్నదున్నట్టు చీటీ మీద రాయండి, పడుగు ఏమిటి, పేక ఏమిటి, ఎంత వంతు, ఎలా ఉతకాలి. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు పెట్టి అరటినార గుడ్డ అమ్మితే అక్కడి నేతగాళ్ల పొట్ట కొట్టినట్టే. మీ ఊరి పేరు పెట్టుకోండి, పాటూరు అని రాసి అమ్మినప్పుడు నాకు ఎవరూ తక్కువ ధర ఇవ్వలేదు.

ధర మాత్రం సరుకు బరువు మీద కట్టకండి. విడదీసిన రోజులు, చుట్టిన రోజులు, నేసిన రోజులు విడివిడిగా ఒక పుస్తకంలో రాసుకోండి, చుట్టేది ఇంట్లో అమ్మ అయినా సరే ఆమె రోజులు కూడా రాయండి. అమ్మే ముందు ఒక ముక్కను మూడుసార్లు ఉతకండి, ఇంకో ముక్కను సగం అట్టతో కప్పి పదిహేను రోజులు ఎండలో పెట్టండి, మూడోది మోచేతి లోపలి వైపు రుద్దుకుని చూడండి. ఆ మూడు ముక్కలూ పుస్తకంలో ఆ రోజుల లెక్క పక్కనే కుట్టేయండి, తర్వాత ఎవరైనా ఇంత ధర ఎందుకని అడిగితే ఆ పుట తెరిచి చూపించొచ్చు.